రైలు వెళ్ళిన దారిలో సైకిల్ మీద: క్లేర్ లోయలో నా అనుభవం

సైకిల్ తొక్కడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. భయమల్లా పక్క నుంచి దూసుకుపోయే బండ్లంటేనే. ఉప్పల్‌లో ఉన్నప్పుడు ట్యూషన్‌కి సైకిల్ మీద వెళ్ళేదాన్ని. వెనక నుంచి ఆర్టీసీ బస్సు హారన్ వినపడితే చాలు, దిగి పక్కకు జరిగి, బస్సు వెళ్ళాక మళ్ళీ ఎక్కేదాన్ని. ఆస్ట్రేలియాలోని ఆడిలైడ్ వచ్చాక రోడ్లు వెడల్పుగా ఉన్నాయి, సైకిళ్ళకు విడిగా తెల్లగీత కూడా గీసి ఉంది. అయినా ఆ గీతకు అవతల అరవై వేగంతో కార్లు పోతుంటే భుజాలు బిగుసుకుపోయేవి. కొన్న సైకిల్ గరాజ్‌లో అలాగే ఉండిపోయింది.

మా వీధి చివర ఒక విజయవాడ అక్క ఉంటుంది. యాభై దాటాక గ్రావెల్ బైక్, అంటే కంకర దారుల్లో తొక్కే సైకిల్, కొనుక్కుని శని, ఆదివారాలు ఎక్కడెక్కడో తిరిగొస్తుంటుంది. ఒకసారి మా ఇంటికొచ్చినప్పుడు గరాజ్‌లో సైకిల్ చూసి అడిగింది.

"కార్లు అసలే రాని దారి ఒకటుంది. క్లేర్‌లో, ద్రాక్షతోటల మధ్య నుంచి పోతుంది. వస్తావా?"

"అక్కడన్నీ కొండలు కదక్కా. నావల్ల కాదేమో."

"రైలు ఎక్కిన కొండ నువ్వు ఎక్కలేవా? రా, నేనున్నాగా."

ఆ మాట అర్థం కావాలంటే దారి పుట్టుక కొంచెం చెప్పాలి. క్లేర్ లోయ ఆడిలైడ్‌కి ఉత్తరాన 130 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. లోయ అని పేరే గానీ, చూస్తే చిన్న చిన్న కొండల వరుసలు, మధ్యలో పల్లాలు, ఆ పల్లాల్లో వాగులు. 1918లో ఇక్కడికి రైలు వచ్చింది. 1922 నాటికి ఇంకా ఉత్తరాన స్పాల్డింగ్ దాకా పట్టాలు పడ్డాయి. అరవై ఏళ్ళకు పైగా ఆ లైను మీద రైళ్ళు తిరిగాయి. 1983 ఫిబ్రవరి 16న దక్షిణ ఆస్ట్రేలియా, విక్టోరియా రాష్ట్రాల్లో కార్చిచ్చులు చెలరేగి 75 మంది చనిపోయారు. యాష్ వెన్స్‌డే అని ఇక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ మంటలు క్లేర్ వైపూ వచ్చాయి, రైలు మార్గం బాగా దెబ్బతింది. మళ్ళీ బాగుచేయలేదు. మరుసటి ఏడాది లైను మూసేశారు, తర్వాత పట్టాలు పీకేశారు.

మిగిలిన రైలు కట్ట అలా ముళ్ళపొదల పాలైపోయేదే. కానీ ఊళ్ళవాళ్ళు, అక్కడి వైన్ తయారీదారులు పూనుకుని 1990లలో దాన్ని నడకకీ సైకిళ్ళకీ దారిగా మార్చారు. ఈ లోయకు పేరు తెచ్చిన తెల్లద్రాక్ష రకం రీస్లింగ్. దారికి కూడా ఆ పేరే పెట్టారు, రీస్లింగ్ ట్రైల్ అని. దక్షిణాన ఆబర్న్ అనే చిన్న ఊరి దగ్గర మొదలై లీసింగ్‌హామ్, వాటర్‌వేల్, పెన్వర్థమ్, సెవెన్‌హిల్ మీదుగా క్లేర్ పట్టణం చేరి, అక్కడి నుంచి ఉత్తరాన బారినియా దాకా పోతుంది. మొత్తం 30 కిలోమీటర్లకు పైనే. తారు ఉండదు, రోలర్‌తో తొక్కించిన సన్న కంకర.

ఇక కొండల సంగతి. ఆవిరి ఇంజను నిటారు ఎక్కుడు ఎక్కలేదు. అందుకని లైను వేసినవాళ్ళు పల్లం వచ్చిన చోట కట్ట పోశారు, మెట్ట వచ్చిన చోట దాన్ని తొలిచారు, అదీ కుదరకపోతే కొండ చుట్టూ నెమ్మదిగా తిప్పుకొచ్చారు. పక్కన కార్లు పోయే మెయిన్ రోడ్డు కొండ మీదికి ఎక్కి దిగుతుంటే, రైలు కట్ట మాత్రం తెలిసీ తెలియనంత వాలుతో పోతుంది. గుర్రాలతో, పారలతో కష్టపడ్డ కూలీల శ్రమ అది. వందేళ్ళ తర్వాత దాని ఫలం నా మోకాళ్ళకు దక్కింది.

నా పాత సైకిల్‌కి సన్న టైర్లు. కంకర మీద అవి జారతాయని అక్క అనడంతో సెకండ్‌హ్యాండ్‌లో ఒక గ్రావెల్ బైక్ తీసుకున్నాను. చూడ్డానికి రేసు సైకిల్‌లాగే హ్యాండిల్ కిందికి వంగి ఉంటుంది గానీ, టైర్లు 40 మిల్లీమీటర్ల వెడల్పు, వాటి మీద చిన్న చిన్న బొడిపెలు. డిస్క్ బ్రేకులు. వెనక చక్రం దగ్గర పెద్ద పళ్ళచక్రం ఉంటుంది, అందులో గేరు వేస్తే ఎక్కుడులో కూడా కాళ్ళు తేలిగ్గా తిరుగుతాయి. నాకు అన్నిటికంటే వింతగా అనిపించింది గాలి సంగతి. మన ఊళ్ళో సైకిల్ షాపులో గాలి కొట్టించుకుంటే టైరు నొక్కి చూసి రాయిలా గట్టిగా ఉంటేనే తృప్తి. ఇక్కడ అక్క పంపులో 35 చూపించగానే ఆపేసింది. బొటనవేలితో నొక్కితే టైరు కొద్దిగా లోపలికి పోతోంది. "అంతే ఉండాలి. గట్టిగా ఉంటే ప్రతి రాయికీ ఎగురుతుంది, మెత్తగా ఉంటే రాయిని మింగేసి పోతుంది" అంది. లోపల ట్యూబు లేదు. దాని బదులు సీలెంట్ అని తెల్లటి చిక్కటి ద్రవం పోశారు. దాని సంగతి తర్వాత చెప్తాను.

మొదట టోరెన్స్ నది ఒడ్డున ఉన్న లీనియర్ పార్కు దారిలో తిరిగాను. అది కొండల దగ్గర మొదలై హెన్లీ బీచ్ వైపు సముద్రం దాకా పోతుంది, అక్కడా కార్లు రావు. గేర్లు మార్చడం, ఒక చేత్తో నీళ్ళ సీసా తీసుకుని తాగడం, చాలాసేపు కూర్చోవడం అక్కడే అలవాటయ్యాయి. కంకర మీద తొక్కడం మాత్రం వేరే విద్య. మా పేటలో పార్కు వెనక ఒక కంకర బాట ఉంటే అక్క అక్కడికి తీసుకెళ్ళి నేర్పింది. చూపు ముందు చక్రం మీద పెట్టకూడదు, పదిగజాల అవతల పెట్టాలి. మలుపు రాకముందే బ్రేకు వేసి వేగం తగ్గించాలి, మలుపులో ఉండగా ముందు బ్రేకు నొక్కకూడదు. వదులు కంకరలో చక్రం కొద్దిగా అటూ ఇటూ ఊగుతుంది, దాన్ని ఊగనివ్వాలి. ఈ చివరిది ఒంటబట్టడానికి చాలా టైం పట్టింది. చక్రం ఊగగానే చేతులు హ్యాండిల్‌ని గట్టిగా పట్టేసుకుంటాయి, పట్టుకున్న కొద్దీ ఊగడం ఎక్కువవుతుంది. "మోచేతులు వదులు చెయ్యమ్మాయ్, సైకిల్‌కి దారి తెలుసు" అని అక్క వెనక నుంచి అరుస్తూనే ఉండేది.

మే నెలలో బయల్దేరాం. ఇక్కడ అది శరదృతువు చివర. మావారు కారులో మమ్మల్ని, సైకిళ్ళని ఆబర్న్‌లో దించి, సామానుతో క్లేర్‌కి వెళ్ళిపోయారు. రాత్రికి అక్కడే బస. ఆబర్న్‌లో పాత రైల్వే స్టేషన్ భవనం ఇప్పుడు ఒక వైనరీ (వైన్ తయారుచేసే సంస్థ) వాళ్ళ చేతిలో ఉంది. దాని పక్క నుంచే ట్రైల్. పొద్దున్నే చలి బాగా ఉంది, గ్లవ్స్ వేసుకున్నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఆబర్న్ నుంచి బయల్దేరితే మొదట్లో ఎక్కుడే, కానీ కంటికి కనబడదు. చదునుగానే ఉంది కదా అనుకుంటాను, గేరేమో తగ్గించుకుంటూ పోతున్నాను. వెనక్కి తిరిగి చూస్తే ఊరు కిందికి దిగిపోయి కనిపించింది.

కాసేపటికి నాలో ఒక మార్పు గమనించాను. చెవులు వెనక్కి పెట్టి వినడం మానేశాను. రోడ్డు మీద సైకిల్ తొక్కేటప్పుడు సగం బుద్ధి వెనక ఏ బండి వస్తోందా అన్న దాని మీదే ఉంటుంది. ఇక్కడ ఆ పని లేదు. దూరంగా మెయిన్ రోడ్డు మీద లారీ చప్పుడు ఎప్పుడో ఒకసారి వినిపిస్తుంది, అది మన జోలికి రాదు. పక్కపక్కనే తొక్కుతూ కబుర్లు చెప్పుకోవచ్చు. మధ్యలో ఆగి చెట్టు మీద గలా అనే గులాబీ, బూడిద రంగుల చిలకల్ని చూడొచ్చు, ఎవరూ హారన్ కొట్టరు. ఎదురొచ్చిన వాళ్ళలో వాకింగ్ స్టిక్‌తో ఒక తాతగారు, ముందు బుట్టలో కుక్కపిల్లని కూర్చోబెట్టుకున్న ఒకావిడ, చిన్న పిల్లలతో ఒక కుటుంబం. ఆ పిల్లల్లో ఒకడు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నట్టున్నాడు, దారంతా వాడిదే అన్నట్టు పాములా మెలికలు తిరుగుతూ వచ్చాడు. వాళ్ళమ్మ ముఖంలో ఏ టెన్షనూ లేదు. కార్లు లేకపోవడం అంటే అదీ.

వాటర్‌వేల్ దగ్గరికి వచ్చేసరికి రెండు పక్కలా తోటలు. కోతలు అయిపోయి ఆకులు పసుపుపచ్చగా తిరిగాయి. నేను ఆగి చాలాసేపు చూశాను, ఎందుకంటే ద్రాక్షతోట నాకు కొత్త కాదు. కీసర దగ్గర మా చిన్నాయనకు తోట ఉండేది. అనాబ్-ఎ-షాహీ వేసేవారు, ఆ రోజుల్లో హైదరాబాద్ ద్రాక్ష అంటే అదే. రాతి స్తంభాల మీద తీగలు అల్లిన పందిరి, కింద నడిస్తే నెత్తి మీద గుత్తులు వేలాడేవి. ఎండాకాలంలో పందిరి కింద మంచం వేసుకుని పడుకునేవాళ్ళం. ఇక్కడ పందిరి లేదు. నడుమెత్తున తీగను ఒక వైరు మీదుగా అడ్డంగా పాకించి, కొమ్మల్ని పైవైర్ల మధ్యకు ఎక్కిస్తారు. గోడల్లా వరుసలు, మధ్యలో ట్రాక్టర్ పట్టేంత జాగా. మన దగ్గర చలి చాలదు కాబట్టి తీగ నిద్రపోదు, అందుకే చిన్నాయన ఏడాదికి రెండుసార్లు కత్తిరింపు చేయించేవారు, వేసవిలో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి. ఇక్కడ తీగ చలికాలమంతా ఎండుకట్టెలా పడుకుంటుంది, అప్పుడు ఒక్కసారి కత్తిరిస్తే చాలు. పగలు ఎండ, రాత్రి బాగా చలి, ఆ తేడా వల్లే రీస్లింగ్‌లో పులుపు నిలబడుతుందట. చిన్నాయన ఉండి ఉంటే ఆయనకు ఫోన్ చేసి చూపించేదాన్ని. ఆ తోట ఎప్పుడో ప్లాట్లు అయిపోయింది.

వైరు పట్టుకుని లోపలికి వంగబోతే అక్క ఆపి బోర్డు చూపించింది: తోటలోకి అడుగు పెట్టవద్దు. మొదట ఇదేం పిసినారితనం అనిపించింది, కారణం తెలిశాక తప్పనిపించలేదు. ఫైలోక్సెరా అనే చిన్న పురుగు ద్రాక్ష వేళ్ళను పట్టి తీగను చంపేస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్ తోటల్ని ఊడ్చిపెట్టింది అదే. పక్కనున్న విక్టోరియాలో కూడా ఉంది. దక్షిణ ఆస్ట్రేలియాలోకి మాత్రం ఇప్పటిదాకా రాలేదు, 1899లోనే దానికోసం చట్టం చేశారు. అందుకే ఇక్కడ సొంత వేళ్ళ మీద బతుకుతున్న చాలా పాత తీగలు ఇంకా ఉన్నాయి. ఆ పురుగు చెప్పులకు అంటిన మట్టిలో, టైర్లకు అంటిన మట్టిలో కూడా ప్రయాణం చేయగలదు. మీరు వేరే రాష్ట్రం నుంచి సైకిల్ తెచ్చుకుంటే టైర్లు, బూట్లు శుభ్రంగా కడిగి రండి, దారి దిగకండి. ఇది నేను గట్టిగా చెప్తున్న మాట.

పెన్వర్థమ్‌లో జాన్ హారక్స్ అనే అన్వేషకుడి సమాధి ఉంది. 1846లో దేశం లోపలికి దారి వెతుకుతూ ఒంటెను వెంట తీసుకెళ్ళాడు. తుపాకీలో మందు కూరుతుండగా ఒంటె కదిలి, తుపాకీ పేలి, ఆ గాయంతోనే చనిపోయాడు. అక్కడ ఒక బెంచీ మీద కూర్చుని పల్లీపట్టీలు, చపాతీ చుట్టలు తిన్నాం.

సెవెన్‌హిల్ దాకా ఎక్కుడే, దారి మొత్తంలో ఎత్తయిన భాగం ఈ చుట్టుపక్కలే. ట్రైల్ వదిలి కాస్త పక్కకు వెళ్తే జెసూట్ అనే క్యాథలిక్ సంఘం ఫాదర్ల తోట, రాతి చర్చి. ఆస్ట్రియా నుంచి 1848లో వచ్చిన ఫాదర్లు 1851లో ఇక్కడ ద్రాక్ష నాటారు. అమ్మకానికి కాదు, పూజలో వాడే వైన్ కోసం. ఈ లోయలో అన్నిటికంటే పాత వైనరీ అదే, ఇప్పటికీ చర్చిలకు ఆ వైన్ తయారుచేస్తున్నారు. నేలమాళిగలో చల్లగా, తడి రాయి వాసన, పక్కన పెద్ద పెద్ద పీపాలు. మేం అక్కడ రుచి చూడలేదు. దక్షిణ ఆస్ట్రేలియాలో తాగిన మత్తులో సైకిల్ నడపడం కూడా నేరమే. పైగా కంకర మీద దిగుడు ముందుంది. తాగేది ఏదైనా సైకిల్ దిగాకే అని అక్క నియమం, నాకది నచ్చింది.

సెవెన్‌హిల్ నుంచి క్లేర్ దాకా దిగుడు. ఇక్కడే నేను నేర్చుకున్నదంతా పనికొచ్చింది. పెడల్ తొక్కకుండానే సైకిల్ వేగం అందుకుంటుంది, టైర్ల కింద కంకర చిటచిటలాడుతుంది. మోచేతులు వదిలి, బరువు కొంచెం వెనక్కి వేసి, చూపు దూరంగా పెట్టాను. చక్రం ఒకచోట ఊగింది, ఊగనిచ్చాను, దానంతటదే సర్దుకుంది. ఇటూ అటూ యూకలిప్టస్ చెట్లు, గాలిలో వాటి ఆకుల వాసన. అయితే ఈ దారిలో అక్కడక్కడా రోడ్లు అడ్డం వస్తాయి. ఆ చోట్ల అడ్డకమ్మీలు పెట్టారు, సైకిల్ నెమ్మది చేసి, రెండు పక్కలా చూసి దాటాలి. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు దిగుడులో ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి.

రాత్రి క్లేర్‌లో భోజనంతో పాటు వాటర్‌వేల్ రీస్లింగ్ ఒక గ్లాసు తీసుకున్నాం. తీపి ఉంటుందేమో అనుకున్నాను, అస్సలు లేదు. ముక్కు దగ్గర పెడితే గీరిన నిమ్మతొక్క వాసన, నోట్లో సూటిగా పులుపు. కారంగా వండిన చేపతో బాగా కలిసింది. సీసాకు బిరడా లేదు, తిప్పే మూత ఉంది. బిరడా వల్ల వైన్ పాడవుతోందని విసిగి, 2000 సంవత్సరపు పంట నుంచి క్లేర్ రీస్లింగ్ తయారీదారులు కొందరు కలిసికట్టుగా ఈ మూతకు మారారని వడ్డించిన అమ్మాయి చెప్పింది. ఇప్పుడు ఆస్ట్రేలియాలో తెల్లవైన్ సీసా కొంటే దాదాపు అన్నిటికీ అదే మూత.

మర్నాడు పొద్దున బారినియా వైపు వెళ్ళాం. ఈ ముక్కలో తోటలు తగ్గిపోయి గొర్రెల మేత భూములు, గోధుమ చేలు మొదలవుతాయి. మనుషులు అసలే లేరు. బావుంది గానీ, టైం తక్కువుంటే ఇది వదిలేసినా ఫర్వాలేదు.

తిరిగి క్లేర్ వచ్చి, కార్లు ఆపే చోట నీళ్ళు నింపుకుని కదిలామో లేదో, నా ముందు టైరు నుంచి బుస్సుమని చప్పుడు. ఆగి చూస్తే ముల్లు. చేతిలోకి తీసుకున్నాను. గట్టిగా, బూడిదరంగులో, ఎటు పడేసినా ఒక మొన పైకే ఉండే పల్లేరు కాయ! చేలగట్ల మీద చెప్పుల్లేకుండా నడిచినప్పుడు అరికాళ్ళలో దిగిన అదే పల్లేరు. ఇక్కడ దీన్ని కలుపుమొక్కల జాబితాలో పెట్టారు. చూస్తుండగానే కన్నంలోంచి తెల్లటి సీలెంట్ చిమ్మింది. అక్క చక్రం తిప్పి కన్నం కిందికి వచ్చేలా పట్టుకుంది. "ఒక్క నిమిషం ఆగు" అంది. ద్రవం కన్నం దగ్గరికి చేరి, బుడగలు కట్టి, చిక్కబడి, ఆగిపోయింది. తడిచి మెరుస్తున్న చిన్న చుక్క మాత్రం మిగిలింది. పంపుతో కొంచెం గాలి కొట్టి మళ్ళీ బయల్దేరాం. టైరు ఆబర్న్ దాకా నిలిచింది. మీ దగ్గర మామూలు ట్యూబు టైర్లుంటే రెండు ట్యూబులు, ప్యాచ్ కిట్, పంపు లేకుండా వెళ్ళకండి. తారు అయిపోయి కంకర మొదలయ్యే అంచుల్లో గడ్డి మీదికి ఎక్కించకండి, ముళ్ళన్నీ అక్కడే.

తిరుగుదారి క్లేర్ నుంచి సెవెన్‌హిల్ దాకా ఎక్కుడు. నిన్న రివ్వున దిగిన చోటే ఇప్పుడు చిన్న గేరులో నింపాదిగా వెళ్ళాను. ఎక్కడా దిగి నడిపించాల్సిన పని పడలేదు. రైలు పట్టాలు వేసినవాళ్ళకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇది. ఏప్రిల్, మే నెలలు హాయిగా ఉంటాయి. సెప్టెంబర్, అక్టోబర్‌లో పూలు బావుంటాయి గానీ మాగ్‌పై పక్షులు గూళ్ళు పెట్టుకునే కాలం, వెనక నుంచి వచ్చి హెల్మెట్‌ని పొడుస్తాయి. అవి వెంటపడితే కంగారుపడకుండా సైకిల్ దిగి నడిచి దాటితే సరిపోతుంది. నడి వేసవిలో వద్దు. ఎండ నలభై దాటుతుంది, బ్రౌన్ స్నేక్ అనే విషపు పాములు దారి మీదికి వస్తాయి, నిప్పు ప్రమాదం ఎక్కువున్న రోజుల్లో అసలు బయల్దేరకూడదు. హెల్మెట్ ఇక్కడ చట్టప్రకారం తప్పనిసరి. సైకిల్ లేకపోతే ఆబర్న్‌లో, క్లేర్‌లో అద్దెకు దొరుకుతాయి, బ్యాటరీ సైకిళ్ళు కూడా. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చి ఉంటే సెవెన్‌హిల్ దగ్గర దించండి. అక్కడి నుంచి క్లేర్ దాకా దిగుడే, తొక్కగలిగినవాళ్ళు తొక్కుతారు, మిగతావాళ్ళు తోటలు చూస్తూ తోచినంత దూరం నడుస్తారు.

ఆబర్న్‌కి దక్షిణాన రివర్టన్ దాకా ఇదే పాత రైలు కట్ట మీద రాట్లర్ ట్రైల్ అని ఇంకో 19 కిలోమీటర్లు ఉంది. ఈసారి అక్కడ మొదలుపెట్టి క్లేర్ దాకా ఒక్క రోజులో వెళ్దామంటోంది అక్క. టైర్లలో సీలెంట్ మార్పించి పెట్టాను.